పింగ్ వెళ్తోంది, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు: కమాండ్ లైన్‌లో ఇంకా ఏమేమి చూడాలి?

దూరవాసి · సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా నన్ను వేధిస్తున్న ఒక చిక్కును మీ ముందు పెడుతున్నాను. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాకే రాస్తున్నాను కనుక ఇది కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికతో చదవగలరు.

నేను ఇంటి నుండి లినక్స్ ల్యాప్‌టాప్ మీద పనిచేస్తాను. కార్యాలయంలోని సర్వర్‌ను వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య లిపిలో నడిచే ఒక రకం వీపీఎన్ దారి) ద్వారా చేరుకుంటాను. టన్నెల్ లోపల ఆ సర్వర్ చిరునామా 10.20.0.5. రెండేళ్ళుగా ఏ ఇబ్బందీ రాలేదు. గత గురువారం నుండి మాత్రం ఆ సర్వర్ మీది అంతర్గత వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు. బ్రౌజర్ చాలాసేపు తిరిగి, చివరికి సమయం మించిపోయిందని చెప్పి ఆగిపోతుంది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుండి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) పరిస్థితీ అదే. పాస్‌వర్డ్ అడిగే దాకా కూడా రాదు.

నాకు అంతుపట్టని సంగతి ఏమిటంటే, పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందో లేదో చూసే కమాండ్) మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. "పింగ్ -సి 20 10.20.0.5" అని ఇస్తే ఇరవైకి ఇరవై జవాబులూ వచ్చాయి, సగటు సమయం 38 మిల్లీసెకన్లు, నష్టం సున్నా. పింగ్ వెళ్తోందంటే దారి బాగున్నట్టే కదా అనుకుని సర్వర్‌ను అనుమానించాను. సర్వర్ పని చూసే సహోద్యోగి మాత్రం మిగతావారందరికీ పేజీ వస్తోందని, లోపం నా వైపే ఉండాలని అంటున్నారు. ల్యాప్‌టాప్‌ను మూడుసార్లు రీస్టార్ట్ చేశాను. ఇక ఏ కమాండ్‌తో ఏమి చూడాలో దయచేసి చెప్పండి.

తీగలపని · సోమవారం, ఉదయం 10:05

ముందుగా డీఎన్ఎస్ (పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ) క్యాష్‌ను ఖాళీ చేసి చూడండి. పింగ్ వెళ్తూ పేజీ రాని సందర్భాలు నాకు ఎదురైనంతలో ఎక్కువ భాగం పేరు చిరునామాగా మారకపోవడం వల్ల వచ్చినవే. "రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్" అని ఇచ్చి, ఆ తరువాత "డిగ్" తో సర్వర్ పేరును అడిగి, వచ్చిన చిరునామా 10.20.0.5 అవునో కాదో సరిపోల్చుకోండి.

మూలకారణం · సోమవారం, ఉదయం 10:50

తీగలపని గారి సలహా చాలా సందర్భాల్లో సరైనదే. అయితే దూరవాసి గారు ఎస్ఎస్‌హెచ్‌కు కూడా అంకెల చిరునామానే ఇచ్చి ఉంటే, డీఎన్ఎస్‌కు ఇందులో చోటే లేదు. దానిని తోసిపుచ్చడానికి క్యాష్ ఖాళీ చేయనవసరం లేదు, పేరు బదులు అంకెలు ఇచ్చి చూస్తే చాలు.

మీ ప్రశ్నలో "పింగ్ వెళ్తోందంటే దారి బాగున్నట్టే కదా" అన్న వాక్యం దగ్గర నేను ఆగాను. నెట్‌వర్క్ పని కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో నేను కూడా అలాగే నమ్మి ఎన్నో గంటలు తప్పుదారి పట్టాను కనుక కొంచెం వివరంగా రాస్తాను. మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో పింగ్‌ను రాసినప్పుడు, జలాంతర్గాములు నీటిలో వదిలే సోనార్ ధ్వనిని తలచుకుని దానికి ఆ పేరు పెట్టారు. ఒక శబ్దం వదలడం, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గడం, మధ్యలో పట్టిన కాలాన్ని లెక్కించడం: పింగ్ చేసే పని ఇంతే. లినక్స్‌లో మీరు ఏ ఐచ్ఛికమూ ఇవ్వకపోతే అది 56 బైట్ల డేటాను, దానికి 8 బైట్ల ఐసీఎంపీ (నెట్‌వర్క్ సంగతులు తెలిపే సందేశాల పద్ధతి) శీర్షికను, అంటే హెడర్‌ను, 20 బైట్ల ఐపీ శీర్షికను చేర్చి మొత్తం 84 బైట్ల ప్యాకెట్‌ను పంపుతుంది. కాబట్టి మీ పరీక్ష రుజువు చేసింది ఒక్కటే: 84 బైట్ల ఐసీఎంపీ ప్యాకెట్ అక్కడికి వెళ్ళి తిరిగి రాగలదు. 443వ పోర్టు (సురక్షిత వెబ్ పేజీలు వచ్చే తలుపు) తెరిచి ఉందని గాని, పెద్ద ప్యాకెట్ కూడా ఆ దారిలో పడుతుందని గాని పింగ్ చెప్పలేదు, చెప్పజాలదు కూడా.

కింది మూడింటి ఫలితాలను ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెట్టండి. "ఐపీ రూట్ గెట్ 10.20.0.5" ఇస్తే ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ గుండా బయటికి పోతోందో తెలుస్తుంది. "ఎన్‌సీ -విజెడ్ 10.20.0.5 443" ఇస్తే టీసీపీ అనుసంధానం (డేటా పంపే ముందు రెండు యంత్రాలూ కుదుర్చుకునే సంబంధం) కుదురుతోందో లేదో తెలుస్తుంది. "కర్ల్ -వి" తో పేజీ చిరునామా ఇచ్చి, చివరగా ఏ వరుస దగ్గర ఆగిందో చూడండి. అలాగే గురువారానికి ముందు మీ వైపు ఏమి మారిందో కాస్త జ్ఞాపకం చేసుకోండి.

కొత్తపాఠం · సోమవారం, ఉదయం 11:10

ఇది చదువుతుండగా ఒక సందేహం వచ్చింది, చర్చకు అడ్డు కాదనుకుంటే అడుగుతాను. ఎన్‌సీ ఇచ్చినప్పుడు నాకు కొన్నిసార్లు "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని వెంటనే వస్తుంది, కొన్నిసార్లు చాలాసేపు నిలిచి "టైమ్డ్ అవుట్" అని వస్తుంది. రెండింటినీ నేను ఒకే అర్థంలో తీసుకుంటున్నాను. అది పొరపాటా?

రాత్రివిధి · సోమవారం, ఉదయం 11:25

పొరపాటేనండి, పైగా ఆ రెండింటి మధ్య తేడా తెలిస్తే సగం పని తేలికవుతుంది. "రెఫ్యూజ్డ్" అంటే మీ ప్యాకెట్ గమ్యం దాకా వెళ్ళింది, అక్కడి యంత్రం దానిని చదివింది, ఆ పోర్టులో ఎవరూ వినడం లేదని రీసెట్ ప్యాకెట్ పంపి తలుపు వేసింది. అంటే దారి బాగుంది; వెతకవలసింది ఆ యంత్రంలోనే. అక్కడ "ఎస్ఎస్ -ఎల్‌టీఎన్" ఇచ్చి చూస్తే సేవ నడవడం లేదని గాని, నడుస్తున్నా 127.0.0.1 (ఆ యంత్రం తనను తాను పిలుచుకునే చిరునామా) మీద మాత్రమే వింటోందని గాని తేలుతుంది. కొన్ని ఫైర్‌వాల్‌లు కూడా ఇలా రీసెట్ పంపుతాయి, అదొక్కటి గుర్తుంచుకోండి.

"టైమ్డ్ అవుట్" అంటే జవాబు చెప్పినవారు ఎవరూ లేరు. ఫైర్‌వాల్ మీ ప్యాకెట్‌ను నిశ్శబ్దంగా పారేసి ఉండవచ్చు, యంత్రమే నడవకపోవచ్చు, లేదా మీ ప్యాకెట్ చేరినా జవాబుకు తిరుగు దారి తెలియకపోవచ్చు. మౌనానికి కారణాలు అనేకం కనుక ఇక్కడ పని ఎక్కువ.

పింగ్ సందేశాలను కూడా ఇలాగే, చెప్పింది ఎవరన్నది చూసి చదవాలి. "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అనే వరుస మొదట్లో మీ సొంత చిరునామాయే కనిపిస్తే, ఆ మాట చెప్పింది మీ యంత్రమే. పక్కనే ఉండవలసిన యంత్రం ఏఆర్‌పీకి, అంటే ఈ చిరునామా ఎవరిదని స్థానిక నెట్‌వర్క్‌లో వేసే ప్రశ్నకు, పలకలేదని దాని భావం. "ఐపీ నైబర్" ఇచ్చి చూస్తే ఆ చిరునామా పక్కన "ఫెయిల్డ్" అని కనిపిస్తుంది. అదే మాట వేరే రూటర్ చిరునామాతో వస్తే, ప్యాకెట్ అక్కడిదాకా వెళ్ళి, ఆ పైన దారి తెగిందన్నమాట. "నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్" అని మీ టెర్మినలే అంటే, మీ రూటింగ్ పట్టికలో ఆ చిరునామాకు దారే లేదని, ఒక్క ప్యాకెట్ కూడా గడప దాటలేదని తెలుసుకోవాలి.

దూరవాసి · సోమవారం, ఉదయం 11:50

మూలకారణం గారూ, ఎస్ఎస్‌హెచ్‌కు అంకెల చిరునామానే ఇచ్చాను. మీరు అడిగిన ఫలితాలు ఇవి.

"ఐపీ రూట్ గెట్" ప్రకారం ప్యాకెట్ డబ్ల్యూజీ0 గుండానే, అంటే టన్నెల్ లోకే పోతోంది. "ఎన్‌సీ" వెంటనే "సక్సీడెడ్" అంటోంది. 22వ పోర్టుకు, అంటే ఎస్ఎస్‌హెచ్‌కు, కూడా అదే జవాబు. "కర్ల్ -వి" మొదట "కనెక్టెడ్ టు 10.20.0.5" అని చెప్పి, తరువాత టీఎల్ఎస్ (పేజీని రహస్య లిపిలో పంపే పద్ధతి) హ్యాండ్‌షేక్‌లో "క్లయింట్ హెలో" పంపినట్టు చూపి, అక్కడే నిలిచిపోయింది. రెండు నిమిషాలు ఆగి నేనే కంట్రోల్-సి నొక్కాను. "ఎస్ఎస్‌హెచ్ -వి" కూడా ఇస్తే అది కీల మార్పిడిలో సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు చెప్పే వరుస దగ్గర ఆగింది.

మారినది ఒకటి ఉంది, మొదటే చెప్పి ఉండవలసింది. బుధవారం సాయంత్రం ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకున్నాను. కొత్త కనెక్షన్ వేగంగా ఉంది, మిగతా సైట్లన్నీ బాగా వస్తున్నాయి కనుక దానిని అనుమానించలేదు. మీ సందేశం చూశాక కార్యాలయం బయటి చిరునామాకు "ఎంటీఆర్" కూడా నడిపాను. దారిలో తొమ్మిది మజిలీలు, అంటే దారిలోని యంత్రాలు, కనిపించాయి. నాలుగో మజిలీ దగ్గర నష్టం 60 శాతం అని ఉంది, అయిదు నుండి తొమ్మిది దాకా మాత్రం సున్నా.

తీగలపని · సోమవారం, మధ్యాహ్నం 12:05

నాలుగో మజిలీలో 60 శాతం నష్టం ఉంటే పేజీ ఎలా వస్తుంది? డీఎన్ఎస్ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఫలితాన్ని చూపి కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయండి.

రాత్రివిధి · సోమవారం, మధ్యాహ్నం 12:30

దయచేసి ఆ ఫిర్యాదు ఇప్పుడే చేయవద్దు. ట్రేస్‌రూట్ గాని ఎంటీఆర్ గాని చూపే అంకెలను ఎలా చదవాలో తెలియక పోగొట్టుకునే సమయం తక్కువేమీ కాదు, అందుకని ఇది ఎలా పనిచేస్తుందో చెబుతాను.

ప్రతి ఐపీ ప్యాకెట్‌కూ టీటీఎల్ అనే ఒక అంకె ఉంటుంది. ప్యాకెట్ ఒక్కో రూటర్‌ను దాటేటప్పుడు ఆ అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరితే ఆ రూటర్ ప్యాకెట్‌ను పారేసి, ఆ సంగతిని ఐసీఎంపీ సందేశంగా పంపినవారికి తెలియజేస్తుంది. దారి తప్పిన ప్యాకెట్లు కలకాలం చుట్టూ తిరగకుండా చేసిన ఏర్పాటు ఇది. వ్యాన్ జాకబ్‌సన్ రాసిన ట్రేస్‌రూట్ దీనినే దారి కనిపెట్టడానికి వాడుకుంటుంది: ముందు టీటీఎల్ 1 తో పంపితే మొదటి రూటర్ పలుకుతుంది, 2 తో పంపితే రెండోది పలుకుతుంది, అలా గమ్యం దాకా.

అయితే ఆ సందేశాన్ని తయారు చేయడం రూటర్‌కు పక్క పని. ప్యాకెట్లను ముందుకు పంపే పనిని ప్రత్యేకమైన చిప్‌లు చేస్తాయి. ఈ సందేశాలు రాసే పని మాత్రం రూటర్‌లోని సాధారణ ప్రాసెసర్ మీద పడుతుంది. దానికి భారం కాకుండా సెకనుకు ఇన్ని జవాబులే ఇవ్వాలని చాలా రూటర్లలో హద్దు పెట్టి ఉంటుంది. దూరవాసి గారి నాలుగో మజిలీ పదింటిలో ఆరుసార్లు తన గురించి చెప్పలేదు, అంతే. నిజంగా ప్యాకెట్లను పారేస్తుంటే, దాని గుండా పోయిన అయిదో మజిలీకి, ఆరో మజిలీకి, చివరి గమ్యానికి కూడా ఆ నష్టం కనిపించి తీరాలి. ఒక మజిలీలో మొదలై చివరిదాకా కొనసాగిన నష్టమే లెక్కలోకి వస్తుంది. జవాబు రాని చోట కనిపించే నక్షత్రపు గుర్తులను కూడా ఇలాగే చూడాలి: మధ్యలో మూడు నక్షత్రాలు వచ్చి ఆ తరువాతి వరుసలు మామూలుగా ఉంటే ఆ రూటర్‌కు మాట్లాడే అలవాటు లేదనుకోవచ్చు.

ఇంకొక్క మాట. లినక్స్‌లో ట్రేస్‌రూట్ మామూలుగా యూడీపీ (ముందు సంబంధం కుదుర్చుకోకుండానే పంపే) ప్యాకెట్లను 33434వ పోర్టు నుండి మొదలుపెట్టి పంపుతుంది, విండోస్‌లోని ట్రేసర్ట్ ఐసీఎంపీని పంపుతుంది. ఒకే దారిలో రెండూ వేర్వేరు ఫలితాలు చూపితే కంగారు పడనవసరం లేదు. మధ్యలోని ఫైర్‌వాల్ ఒకదానిని వదిలి ఒకదానిని ఆపుతూ ఉండవచ్చు.

తీగలపని · సోమవారం, మధ్యాహ్నం 12:40

ఇంతకాలం ఎంటీఆర్‌లో మొదటిగా కనిపించిన ఎర్ర అంకెనే పట్టుకునేవాడిని. ధన్యవాదాలు.

మూలకారణం · సోమవారం, మధ్యాహ్నం 1:15

దూరవాసి గారూ, మీరు పెట్టిన ఫలితాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. టీసీపీ అనుసంధానం కుదిరింది. అది కుదరడానికి అటూ ఇటూ పోయిన మూడు ప్యాకెట్లూ చిన్నవి. "క్లయింట్ హెలో" వెళ్ళాక సర్వర్ తన సర్టిఫికెట్లను పంపాలి, అవి మామూలుగా కొన్ని వేల బైట్లు ఉంటాయి కనుక నిండు ప్యాకెట్లలోనే వస్తాయి. ఎస్ఎస్‌హెచ్‌లో కీల మార్పిడి కూడా పెద్ద ప్యాకెట్లు మొదలయ్యే చోటు. రెండు వేర్వేరు సేవలు, రెండు వేర్వేరు పోర్టులు, రెండూ మొదటి పెద్ద ప్యాకెట్ దగ్గరే ఆగాయి. పింగ్ చిన్నది కనుక వెళ్తోంది. నా అనుమానం ఎంటీయూ మీద, అంటే ఒక దారిలో ఒకేసారి పట్టగల అతిపెద్ద ప్యాకెట్ పరిమాణం మీద.

దీనిని పట్టుకోవడానికి కూడా పింగే చాలు, కాకపోతే మరో ప్రశ్న అడగాలి. "పింగ్ -ఎం డూ -ఎస్ 1392 10.20.0.5" అని ఇవ్వండి, ఎం పెద్ద అక్షరం, ఎస్ చిన్న అక్షరం. "-ఎం డూ" అంటే ప్యాకెట్‌ను మధ్యలో ముక్కలు చేయవద్దని. "-ఎస్" డేటా పరిమాణం. వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్‌కు మామూలుగా ఉండే ఎంటీయూ 1420, అందులో శీర్షికల 28 బైట్లు తీసివేస్తే 1392. దానికి జవాబు రాకపోతే 1300 ఇవ్వండి; వస్తే, రెండింటి మధ్య సగానికి సగం తగ్గించుకుంటూ ఏ అంకె దగ్గర తెగుతోందో పట్టుకోండి.

గవాక్షం · సోమవారం, మధ్యాహ్నం 1:40

విండోస్ వాడేవారి కోసం చిన్న చేర్పు: అక్కడ ఇదే పరీక్ష "పింగ్ -ఎఫ్ -ఎల్ 1392" అవుతుంది. "-ఎఫ్" ముక్కలు చేయవద్దని, "-ఎల్" పరిమాణం. "-ఎఫ్" ఐపీవీ4కు (పాత తరహా చిరునామాలకు) మాత్రమే పనిచేస్తుంది. ఎన్‌సీ బదులు పవర్‌షెల్‌లో "టెస్ట్-నెట్‌కనెక్షన్" కు "-పోర్ట్ 443" చేర్చి ఇవ్వవచ్చు. పరీక్ష మొదలుపెట్టే ముందు "ఐపీకాన్ఫిగ్" చూడడం నా అలవాటు, చిరునామా 169.254 తో మొదలైతే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుండి చిరునామాయే రాలేదని అర్థం, మిగతా పరీక్షలన్నీ అప్పటికి అనవసరం.

దూరవాసి · సోమవారం, మధ్యాహ్నం 2:20

1392కు ఒక్క జవాబూ రాలేదు. 1393 ఇస్తే మాత్రం సందేశం మరీ పొడవైందని, ఎంటీయూ 1420 అని నా యంత్రమే వెంటనే చెప్పింది. 1300కు అన్నీ వచ్చాయి. తరువాత 1346 వచ్చింది, 1369 వచ్చింది, 1381 రాలేదు, 1375 వచ్చింది, 1378 వచ్చింది, 1380 వచ్చింది. మళ్ళీ మళ్ళీ చూశాను: 1380కి ప్రతిసారీ జవాబు వస్తుంది, 1381కి ఒక్కసారి కూడా రాదు. ఒక్క బైటు తేడాతో ఇలా గీత గీసినట్టు తెగడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

మూలకారణం · సోమవారం, మధ్యాహ్నం 2:45

ఇప్పుడు మనం సరైన చోటుకే వచ్చాం. రెండు సంగతులు చెప్పండి. "డబ్ల్యూజీ షో" ఇచ్చినప్పుడు ఎండ్‌పాయింట్ (టన్నెల్ అవతలి కొస) ఎదురుగా కనిపించే చిరునామా ఐపీవీ4దా, ఐపీవీ6దా (కొత్త, పొడవైన తరహాదా)? ఇంటి రూటర్ బయటి కనెక్షన్ పీపీపీఓఈ (ప్రతి ప్యాకెట్‌కూ తన శీర్షిక చేర్చే ఒక రకం కనెక్షన్) అయితే దాని ఎంటీయూ ఎంత చూపుతోంది?

దూరవాసి · సోమవారం, మధ్యాహ్నం 3:00

ఎండ్‌పాయింట్ ఐపీవీ6 చిరునామా. పాత కనెక్షన్‌లో ఐపీవీ6 ఉండేది కాదు. కొత్త రూటర్ పేజీలో పీపీపీఓఈ అని, ఎంటీయూ 1492 అని ఉంది.

మూలకారణం · సోమవారం, మధ్యాహ్నం 3:20

లెక్క సరిపోయింది. టన్నెల్ లోపలి ప్రతి ప్యాకెట్‌కూ బయట ఒక తొడుగు ఉంటుంది. వైర్‌గార్డ్ సొంతంగా 32 బైట్లు, యూడీపీ శీర్షిక 8 బైట్లు, ఆపై ఐపీ శీర్షిక. అది ఐపీవీ4 అయితే 20, ఐపీవీ6 అయితే 40. పాత కనెక్షన్‌లో మీ నిండు ప్యాకెట్ 1420కి 60 చేరి 1480 అయ్యేది, హాయిగా పట్టేది. ఇప్పుడు 1420కి 80 చేరి 1500 అవుతోంది. పీపీపీఓఈ తన శీర్షిక కోసం 8 బైట్లు తీసుకుని 1492 మాత్రమే మిగిల్చింది. ఆ 8 బైట్లే మీ పేజీని ఆపుతున్నాయి.

ఐపీవీ6లో మధ్య రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టని ప్యాకెట్‌ను పారేసి, "ప్యాకెట్ టూ బిగ్" అనే ఐసీఎంపీవీ6 సందేశాన్ని పంపినవారికి తిప్పి పంపుతాయి. అది అందుకున్న యంత్రం పరిమాణం తగ్గించుకుంటుంది. ఆ సందేశం ఎక్కడో ఆగిపోతోందని నా ఊహ. ముందు దీనిని సరిచేసి చూడండి: 1492 నుండి 80 తీసివేస్తే 1412. "సుడో ఐపీ లింక్ సెట్ డెవ్ డబ్ల్యూజీ0 ఎంటీయూ 1412" అని ఇచ్చి పేజీ తెరవండి.

దూరవాసి · సోమవారం, మధ్యాహ్నం 3:45

మూలకారణం గారూ, 1412 పెట్టాక కూడా కర్ల్ అక్కడే ఆగుతోంది, ఎస్ఎస్‌హెచ్ కూడా అంతే. "ఐపీ లింక్ షో" లో ఎంటీయూ 1412 అనే కనిపిస్తోంది కనుక మార్పు అమలైంది. నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. మీ లెక్క ప్రకారం 1412 నుండి 28 తీసివేస్తే 1384 దాకా పింగ్ వెళ్ళాలి. నాకు 1380 దగ్గరే తెగుతోంది. ఆ నాలుగు బైట్లు ఏమయ్యాయి?

మూలకారణం · సోమవారం, సాయంత్రం 4:30

మీరు 1380 అని రాసినప్పుడే నేను ఆ నాలుగు బైట్ల గురించి ఆగి ఆలోచించి ఉండవలసింది. లెక్క దాదాపు కుదిరిందని తొందరపడ్డాను, మన్నించండి.

వైర్‌గార్డ్ లోపలి ప్యాకెట్‌ను రహస్య లిపిలోకి మార్చే ముందు, దాని పొడవును 16 యొక్క గుణిజానికి పెంచుతుంది. బయటినుండి చూసేవారికి అసలు పొడవు సరిగ్గా తెలియకూడదని ఆ ఏర్పాటు. అయితే ఆ పెంపు తన ఇంటర్‌ఫేస్ ఎంటీయూను దాటదు. మీ 1380 బైట్ల పింగ్ మొత్తం 1408 బైట్ల ప్యాకెట్. 1408 అంటే 88 పదహార్లు, పెంచవలసిన పని లేదు, తొడుగుతో కలిపి 1488 అయి దాటిపోతుంది. 1381 ఇస్తే 1409. తరువాతి గుణిజం 1424, కాని ఎంటీయూ 1420 కనుక అక్కడ ఆగి 1420 అవుతుంది, తొడుగుతో 1500. అంటే 1409 నుండి 1420 దాకా ఏ ప్యాకెట్ అయినా బయటికి 1500గానే వస్తుంది. అందుకే అంత పదునుగా తెగింది.

మీ మార్పు పనిచేయకపోవడానికి కూడా ఇదే కారణం. మీరు 1412 పెట్టాక మీ ల్యాప్‌టాప్ 1412కు మించని ప్యాకెట్లనే పంపమని టీసీపీ ద్వారా సర్వర్‌ను కోరింది, సర్వర్ అలాగే 1412 బైట్ల ప్యాకెట్లు తయారు చేసింది. అయితే సర్వర్ వైపు ఇంటర్‌ఫేస్ ఇంకా 1420లోనే ఉంది కనుక అక్కడి వైర్‌గార్డ్ వాటిని మళ్ళీ 1420కి పెంచింది. రెండు కొసల్లోనూ 1412 ఉంటే సరిపోతుంది. ఒక్క మీ కొస మాత్రమే మార్చగలిగితే 1408 పెట్టాలి.

దూరవాసి · సోమవారం, సాయంత్రం 4:40

1408 పెట్టాను. పేజీ వచ్చింది! ఎస్ఎస్‌హెచ్ కూడా వెంటనే పాస్‌వర్డ్ అడిగింది. నాలుగు రోజుల తరువాత ఆ పేజీని చూస్తుంటే కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు.

రాత్రివిధి · సోమవారం, సాయంత్రం 5:10

చాలా సంతోషం. పని అయింది కదా అని వదిలేయకుండా, "ప్యాకెట్ టూ బిగ్" సందేశం ఎక్కడ ఆగుతోందో కూడా తేల్చుకోవాలని నా మనవి. లేకపోతే రేపు ఇంకొక సహోద్యోగి ఇలాంటి కనెక్షన్ తీసుకున్నప్పుడు మళ్ళీ ఇదే మొదలవుతుంది. మీ సహోద్యోగిని సర్వర్‌లో "టీసీపీడంప్ -ఎన్ -ఐ డబ్ల్యూజీ0 ఐసీఎంపీ" నడపమని కోరండి. అదే సమయంలో మీరు ఎంటీయూను తాత్కాలికంగా 1420కి మార్చి 1392 పింగ్ పంపుతూ, మీ వైపు కూడా అదే కమాండ్ నడపండి. రెండు తెరలను పక్కపక్కన పెట్టి చూస్తే, ప్యాకెట్ వెళ్ళేటప్పుడు పోతోందో, తిరిగి వచ్చేటప్పుడు పోతోందో ఊహతో పని లేకుండా తెలుస్తుంది.

దూరవాసి · మంగళవారం, ఉదయం 10:15

ఈ ఉదయం సహోద్యోగితో కలిసి అలాగే చేశాము. సర్వర్ తెర మీద నా అభ్యర్థనలు చేరుతున్నాయి, ప్రతి దానికీ జవాబు కూడా బయలుదేరుతోంది. నా తెర మీద అభ్యర్థనలు మాత్రమే ఉన్నాయి, జవాబు ఒక్కటీ లేదు. కాబట్టి పోతున్నది తిరుగు దారిలోనే. తరువాత ఆయన కార్యాలయపు ఫైర్‌వాల్ నియమాలు తెరిచి చూస్తే, బయటి నుండి వచ్చే ఐసీఎంపీవీ6 మొత్తాన్నీ పారేయమనే వరుస ఒకటి కనిపించింది. భద్రత కోసమని ఎప్పుడో చేర్చారట. మిగతావారందరూ ఐపీవీ4లో వస్తున్నందువల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

రాత్రివిధి · మంగళవారం, ఉదయం 10:40

ఐపీవీ4లో ఐసీఎంపీని పూర్తిగా మూసేస్తే కొంత ఇబ్బందితో నెట్టుకురావచ్చు. ఐపీవీ6లో అలా కుదరదు. పక్క యంత్రాన్ని కనుక్కోవడం దగ్గర నుండి పరిమాణం తెలుసుకోవడం దాకా అన్నీ ఐసీఎంపీవీ6 మీదే నడుస్తాయి. ఏయే సందేశాలను ఆపవచ్చో, వేటిని ఎన్నడూ ఆపకూడదో 2007లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 4890 (ఇంటర్నెట్ పద్ధతుల పత్రాల్లో ఒకటి) విడమరచి చెబుతుంది. "ప్యాకెట్ టూ బిగ్", అంటే టైప్ 2, ఆపకూడని వాటిలో ఉంది. ఆ ఒక్క నియమాన్ని సడలించమని చెప్పండి. బయటివారి పింగ్‌లకు జవాబు ఇవ్వాలా వద్దా అన్నది వేరే నిర్ణయం, దానికి దీనితో సంబంధం లేదు.

కొత్తపాఠం · మంగళవారం, ఉదయం 11:00

ఒక సందేహం. అందరికీ 1412 బదులు 1280 పెట్టేస్తే ఈ లెక్కలన్నీ తప్పుతాయి కదా? ఐపీవీ6కు అదే కనీస ఎంటీయూ అని చదివాను.

మూలకారణం · మంగళవారం, ఉదయం 11:20

తప్పుతాయి, దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది కూడా. అయితే ప్రతి ప్యాకెట్‌లోనూ 132 బైట్ల చోటు వదులుకుంటారు, పెద్ద ఫైళ్ళు పంపేటప్పుడు ప్యాకెట్ల సంఖ్య దాదాపు పదో వంతు పెరుగుతుంది. మొబైల్ నెట్‌వర్క్‌ల వంటి పరిమాణం తెలియని దారుల్లో తిరిగే ల్యాప్‌టాప్‌కు నేను కూడా 1280నే పెడతాను. పరీక్షించి తెలుసుకోగల స్థిరమైన కనెక్షన్‌కు మాత్రం అయిదు నిమిషాల పింగ్‌తో అసలు అంకె తేలుతుంది కనుక దానినే పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

దూరవాసి · మంగళవారం, మధ్యాహ్నం 3:30

సర్వర్ ఇంటర్‌ఫేస్‌నూ నా ఇంటర్‌ఫేస్‌నూ 1412కు మార్చాము. "ఐపీ లింక్" తో చేసిన మార్పు రీస్టార్ట్ తరువాత నిలవదు కనుక రెండు వైపులా వైర్‌గార్డ్ ఆకృతీకరణ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ భాగం కింద "ఎంటీయూ = 1412" అన్న వరుస చేర్చాము. ఫైర్‌వాల్‌లో టైప్ 2ను అనుమతించారు. ఇప్పుడు "పింగ్ -ఎం డూ -ఎస్ 1384" కు ఇరవైకి ఇరవై జవాబులు వస్తున్నాయి, 1385 ఇస్తే నా యంత్రమే పట్టదని చెబుతోంది. ఐపీవీ4లో వచ్చే ఇద్దరు సహోద్యోగులు కూడా పరీక్షించి, తమకు ఏ తేడా లేదని చెప్పారు.